ట్యాంకరు పట్టని సందు

ముత్తంగి కూడలిలో ఇంకా చీకటి విడలేదు. ఔటర్ రింగు రోడ్డు దిగి ముంబై రోడ్డు ఎక్కుతున్న లారీల వెలుగు మీ ముఖం మీద పడి జారిపోతోంది. పాశమైలారం వైపు నుంచి కంపెనీ బస్సులు వస్తున్నాయి. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు కిటికీలకు తలలు ఆనించి నిద్రపోతున్నారు. చాయ్ బండి దగ్గర ఒడియా, భోజ్‌పురి, తెలుగు కలగలిసి వినిపిస్తున్నాయి. గాలిలో ఒక వాసన ఉంది. మొదట తియ్యగా తగిలి, తర్వాత గొంతులో గీరుతుంది. వానాకాలం చివరి రోజులు కావడంతో పైకి లేవలేక నేలబారుగా పరుచుకుని ఉంది.

మీ ముందున్న బైకు పక్కన గోనెసంచిలో చుట్టిన రెండు గడ్డపారలు కట్టి ఉన్నాయి. వెనక కూర్చున్న కుర్రాడి ఒళ్లో తట్ట, తట్టలో కొడవళ్లు, ఒక చేతిరంపం, నీళ్ల సీసాలు. "పోదామా సార్, ఎండెక్కితే పని కాదు" అంటాడు ముందున్నాయన. బైకులు అమీన్‌పూర్ మీదుగా బొల్లారం వైపు, అక్కణ్నుంచి ఖాజీపల్లి, జిన్నారం దారిలోకి తిరుగుతాయి. కుడివైపు పొడుగాటి గోడలు, గోడల మీద ముళ్లతీగ, లోపల ఎత్తయిన గొట్టాలు, వాటి మీద రాత్రంతా వెలిగి అలిసిన ఎర్రలైట్లు. ఎడమవైపు కూడా గోడలే. ఒక మలుపు దగ్గర గోడ ఆగిపోతుంది, అడవి మొదలవుతుంది. మధ్యలో పొలం లేదు, చెలక లేదు. కంపెనీ ప్రహరీకీ రిజర్వు ఫారెస్టు హద్దురాయికీ మధ్య ఒక మట్టిరోడ్డంత జాగా మాత్రం ఉంది.

ఇది ఏ అడవి బ్లాకో నేను రాయడం లేదు. 

బైకులు ఆగాయి. గేటు దగ్గర బీట్ ఆఫీసరు, ఒక వాచరు నిలబడి ఉన్నారు. అనుమతి కాగితం చూసి, పేర్లు రిజిస్టరులో రాయించుకుంటారు. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా చొరబడడం నేరం, కొమ్మ నరకడం నేరం. మంచి పని చేయడానికే వచ్చామంటే చట్టం వినదు, వినకూడదు కూడా. అందుకే ఈ గుంపు నెలల తరబడి రేంజి ఆఫీసు మెట్లెక్కి దిగి, ఏ దారి బాగు చేస్తారు, ఏ మొక్క తీస్తారు, ఏ మొక్క ముట్టరు అన్నది రాతపూర్వకంగా ఒప్పించుకున్నాకే గడ్డపార పట్టింది. బయటివాళ్లకు ఇందులో కష్టం కనిపించదు. దారి పనిలో సగం ఆఫీసుల్లోనే జరుగుతుంది.

గుంపులో ఎవరెవరున్నారో చూడండి. ఒకాయన మందుల కంపెనీ ల్యాబులో కెమిస్టు. ఒకాయన బీహెచ్ఈఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఒక సర్కారు బడి టీచరమ్మ, ఇద్దరు డిగ్రీ పిల్లలు. సైన్యంలో గుర్రాల విభాగంలో చాకిరీ చేసి వచ్చిన ఒక ఫౌజీ. పక్క ఊరి నుంచి వచ్చిన ఒకావిడ; ఉపాధి హామీ పనిలో కందకాలు తవ్వి, రాతికట్టలు కట్టి చేయి తిరిగిన మనిషి. అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. ఇక్కడ అసలైన మేస్త్రి ఆమే.

లోపలికి నడవండి. ఇది పెద్ద వృక్షాల అడవి కాదు. గుండ్రాళ్ల గుట్టలు, వాటి సందుల్లో మోదుగ, చండ్ర, రేల, పాలకొడిశ, బలుసు, సీతాఫలం. తెల్లారుతున్న కొద్దీ తంగేడు పసుపు కనిపిస్తుంది. పెత్రమాస దగ్గరపడింది, ఇంకొన్నాళ్లకు ఊళ్లలో ఆడవాళ్లు బతుకమ్మకు పువ్వు తెంపడానికి ఈ దారినే వస్తారు. గునుగు, తంగేడు ఎక్కడ బాగా పూస్తాయో వాళ్లకు తెలిసినంతగా మ్యాపులు గీసేవాళ్లకు తెలియదు. ఎక్కడో నెమలి అరిచింది. ఆ అరుపు మీదుగా, గోడ అవతల బాయిలరు ఆవిరి వదిలిన చప్పుడు వచ్చింది. ఈ రెండూ ఒకే చెవికి ఒకేసారి వినిపించే చోట్లు మన రాష్ట్రంలో ఎక్కువ లేవు.

దారి ఇక్కణ్నుంచి ఎత్తెక్కుతుంది. మొన్నటి వానలకు మధ్యలో మోకాలి లోతు గండి పడింది. దారిని అన్నిటికన్నా ఎక్కువ పాడుచేసేది నీళ్లు. వాలు మీద పడిన వాన తేలికైన తోవ వెతుక్కుంటుంది, మనుషులు తొక్కి గట్టిపరిచిన బాట కంటే తేలికైన తోవ దానికి దొరకదు. బాట కాలువ అవుతుంది. కాలువ గండి అవుతుంది. గండిలో నడవలేక జనం పక్కకు జరిగి ఇంకో బాట తొక్కుతారు, అదీ కోసుకుపోతుంది. రెండు మూడు వానాకాలాలు పట్టించుకోకపోతే ఒకటే దారి ఉన్న చోట నాలుగు గండ్లు, వాటి మధ్య వేళ్లు తేలిన చెట్లు మిగులుతాయి.

"గడ్డపార గట్ల నిలువుగ కొట్టకు తమ్మీ. ఏటవాలుగ కొట్టు. నీళ్లు దారెంబడి ఉరకొద్దు, దారిని అడ్డం దాటి పోవాలె" అంటుంది అక్క.

రాళ్లు ఏరడం మీ వంతు. మోకాలంత రాయి కావాలి, చదునుగా ఉండాలి. దారికి అడ్డంగా, కాస్త వాలుగా గాడి తవ్వి, రాయిలో మూడింట రెండొంతులు భూమిలోకి పోయేలా ఒకదాన్నొకటి ఒరుసుకునేట్టు పేర్చాలి. సందుల్లో చిన్నరాళ్లు కూరాలి. పైనుంచి వచ్చిన నీళ్లు ఆ రాతివరుసకు తగిలి పక్కకు మళ్లాలి. మళ్లిన చోట కూడా నాలుగు రాళ్లు పరవాలి, లేదంటే అక్కడ కొత్త గండి మొదలవుతుంది. కెమిస్టు పేర్చిన రాయిని అక్క కాలితో తన్ని చూసింది. కదిలింది. "తియ్. మళ్ల పెట్టు." ఆయన మారుమాట లేకుండా తీసి మళ్లీ పెట్టాడు. మీ నడుము పట్టేసింది, అరచేతిలో బొబ్బ లేచింది. ఇంత శ్రమకు బాగుపడింది మూడు బారల దారి.

ఇంకొకవైపు టీచరమ్మ, పిల్లలు లంటానా తీస్తున్నారు. కొడవలితో పైపైన కోస్తే లాభం లేదు, మొదలు దగ్గర కొత్త చిగుళ్లు రెట్టింపు వస్తాయి. కాయ పండకముందే వేరుతో పెకలించాలి. వయ్యారిభామ దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. వాచరు ముందు నడుస్తూ కర్రతో పొద మీద తట్టుతుంటాడు. ఈ కాలంలో రక్తపింజర రాళ్ల వెచ్చదనానికి బయటికి వస్తుంది. పొద కదిలితే ఆగిపోవాలి, పామును పోనివ్వాలి, తర్వాతే పని.

ఫౌజీ మాత్రం తల ఎత్తి కొమ్మలు చూస్తున్నాడు. మనిషి తలకు తగలని కొమ్మను కూడా రంపంతో కోయిస్తున్నాడు. "అంత పైన ఎందుకన్నా?" అని డిగ్రీ కుర్రాడు అడిగాడు. "నీకోసం గాదు బిడ్డా, గుర్రం మీద కూసున్నోని కోసం" అన్నాడాయన. ఆయనకు ఊళ్లో చెలక ఉంది, చెలకలో ఒక ఆడగుర్రం ఉంది. హైదరాబాద్ చుట్టూ స్వారీ నేర్పే బడులు వెలిశాయి కానీ, వాటిలో నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా కంచె వేసిన మైదానంలోనే గుండ్రంగా తిరుగుతారు. ఈ పాత బండ్లబాట మీద, గుట్ట ఎక్కి దిగి, నర్సాపూర్ అడవి వైపు గుర్రాన్ని నడిపించాలని ఆయన కోరిక. శంకరమ్మ రాణి మగవేషం కట్టి గుర్రమెక్కి యుద్ధం చేసిందని, ఆమె కొడుకు పేరు మీదే సంగారెడ్డి వెలిసిందని చెప్పుకునే నేల ఇది. ఇక్కడ గుర్రం నడిచే దారి అడగడం ఎక్కడిదో తెచ్చిపెట్టుకున్న ముచ్చట కాదు.

గుర్రం దారికి కొలతలు వేరు. అమెరికా అటవీ శాఖ గుర్రపు దారులకు 10 అడుగుల ఎత్తు వరకు కొమ్మలు లేకుండా చూస్తుంది. వాలు తక్కువుండాలి, మలుపు వెడల్పుగా ఉండాలి. తడినేల మీద గుర్రాన్ని నడపకూడదు. మనిషి అడుగు కంటే డెక్క ఎక్కువ బరువును ఒకే చోట దించుతుంది, బురదలో గుంట పడుతుంది, గుంటలో నీళ్లు నిలుస్తాయి, మళ్లీ అదే గండి కథ. "వాన పడ్డంక రెండు మూడు దినాలు గుర్రాన్ని ఇంట్లనే కట్టెయ్యాలె" అని ఫౌజీ తనంతట తానే చెప్పాడు. దారి కావాలని అడిగేవాడికి దారి మీద జాలి ఉండాలి. ఆయనకు ఉంది.

గుట్ట దిగి అవతలి అంచుకు రండి. ఇక్కడ అడవి మళ్లీ మట్టిరోడ్డుకు తగులుతుంది. బండ్లబాట రోడ్డులో కలిసే చోట రెండు పెద్ద గుండ్లు నిలబెట్టి ఉన్నాయి. రెంటి మధ్య సందు ఐదడుగులు. గుర్రం పడుతుంది, సైకిలు పడుతుంది, కట్టెలమోపుతో మనిషి పడతాడు. ట్యాంకరు పట్టదు.

ఆ గుండ్ల కోసమే నేను ఇదంతా రాస్తున్నాను.

నాలుగడుగులు లోపలికి వేసి కుడివైపు చూడండి. గుండ్లు పెట్టక మునుపటి మచ్చ అది. చిన్న గది పట్టేంత మేర నేల నల్లగా, గరుకుగా ఉంది. చుట్టూ వాన పడి అంతా పచ్చబడినా అక్కడ గడ్డిపోచ లేదు. దాని వాలులో ఉన్న మోదుగ నిలువునా ఎండిపోయింది. రాత్రిపూట వచ్చిన ట్యాంకరు ఒకటి పైపు విప్పి ఇక్కడ ఖాళీ చేసి పోయింది. ఎవరిదో ఎవరూ చూడలేదు. ఆ సమయానికి అక్కడ మనిషన్నవాడు లేడు. లేడనే వచ్చింది.

ఇది ఎలా జరుగుతుందో ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. మందుల తయారీలో మిగిలే వ్యర్థజలంలో ఉప్పులు, ద్రావకాలు ఎక్కువ. దాన్ని శుద్ధి చేయాలంటే ఖర్చు. ట్యాంకరు డ్రైవరుకు చీకట్లో ఒక నాలా చూపిస్తే ఆ ఖర్చు తప్పుతుంది. జోరువాన పడే రాత్రయితే ఇంకా తేలిక, వరదలో కలిసిపోతుంది. అందుకే ఈ ప్రాంతంలో మొదటి వానను రైతులు సంతోషంతోపాటు భయంతో చూస్తారు. 2017లో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలినప్పుడు ఒడ్డున నిలబడి ఏడ్చిన మత్స్యకారులను అడిగితే ఆ భయం ఏమిటో చెబుతారు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970లలో మొదలైంది. ఈ నేలకు 1972లోనే ఇక్రిశాట్ వచ్చింది, మెట్టపంటల మీద ప్రపంచానికి పాఠాలు చెప్పే సంస్థ. దాని పక్కనే, తర్వాతి ఏళ్లలో, నక్కవాగు రంగు మారింది. వాగు మంజీరలో కలుస్తుంది. ఊళ్లలో బావులు చెడ్డాయి, పొలాల్లో తెల్ల ఉప్పు పేరింది, పశువులు ఈసుకుపోయాయి. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ రోగుల ఒంటి మీది పుండ్లలో వాగు కథ చదివిన డాక్టర్ కిషన్‌రావు వంటివాళ్లు ఊరూరా తిరిగారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది, అక్కణ్నుంచి హైకోర్టుకు, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు తిరిగింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఒక లెక్క బయటపెట్టారు. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలం శుద్ధిచేసే ఇక్కడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. శుద్ధయ్యాక వదిలిన నీళ్ల సంగతి ఇది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచీలో పటాన్‌చెరు–బొల్లారం 70 మార్కులు దాటి, దేశంలో కాలుష్యం హద్దుమీరిన ప్రాంతాల జాబితాకు ఎక్కింది.

కోర్టులు, కమిటీలు, మీటర్లు అన్నీ కావాలి. వాటి కోసం కొట్లాడినవాళ్లకు ఈ ప్రాంతం రుణపడి ఉంది. అయితే రాత్రి పన్నెండుకు అడవి అంచున పైపు విప్పే చెయ్యిని ఆపేది మాత్రం ఆ చోటు ఎవరిదో అనిపించడం. పొద్దున్నే ఇక్కడికి మనుషులు నడవడానికి వస్తారు, మచ్చ కనిపిస్తే ఫొటో తీస్తారు, బీట్ ఆఫీసరు ఫోను మోగుతుంది అని తెలిస్తే ట్యాంకరు ఇంకో చోటు వెతుక్కుంటుంది. ఇంకో చోట కూడా నడిచేవాళ్లుంటే?

ఈ పొద్దు కొత్త మచ్చ ఏదీ లేదు. ఉంటే ఏం చేయాలో కెమిస్టు పిల్లలకు చెబుతున్నాడు. ముట్టుకోవద్దు. వాసన పీల్చి చూడొద్దు. గాలి వచ్చే వైపు నిలబడు. ఫోనులో స్థలం గుర్తు పడేలా ఫొటో తియ్యి, టైరు జాడలు విడిగా తియ్యి. బీట్ ఆఫీసరుకు చెప్పు, కాలుష్య నియంత్రణ మండలికి చెప్పు. మట్టి నమూనా మనం తీస్తే కేసులో నిలబడదు, అధికారులే తీయాలి. వాళ్లు వచ్చేదాకా అక్కణ్నుంచి కదలకు. పగలు ఇదే రకం రసాయనాలతో పనిచేసే మనిషి ఆదివారం ఇలా చెబుతుంటే వింటూ నిలబడ్డాను. ఈ ప్రాంతానికి పరిశ్రమ కూడు పెడుతోంది, దాన్ని పొమ్మని ఎవరూ అనడం లేదు. అందులో పనిచేసేవాళ్లే అడవి పక్షాన నిలబడడం నాకు అన్నిటికన్నా ధైర్యం ఇచ్చిన సంగతి.

జనం నడిచిన చోట ఏమవుతుందో చూడాలంటే వచ్చిన దారిలోనే అమీన్‌పూర్ పెద్దచెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలం నాటిది. చుట్టూ ప్లాట్లు, చెత్త. ఐపీఎస్ అధికారి తేజ్‌దీప్ కౌర్ మీనన్, ఆమె నడిపిన స్పెషల్ ప్రొటెక్షన్ ఫోర్స్ సిబ్బంది సెలవు రోజుల్లో శ్రమదానానికి దిగారు. చెత్త ఏరారు, మొక్కలు నాటారు, పక్షులను చూసేవాళ్లను పిలిచారు. 2016లో ఆ చెరువు జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. దేశంలో ఒక నగర జలాశయానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. రాజహంసలు దిగిన ఆ నీళ్లలోకి కూడా తర్వాత మురుగు వచ్చింది, చుట్టుపక్కల కబ్జాలు నడిచాయి, 2024 సెప్టెంబరులో అమీన్‌పూర్ మండలంలోకి హైడ్రా బుల్డోజర్లు రావాల్సి వచ్చింది. బోర్డు పెట్టినంత మాత్రాన స్థలం మిగలదు. పొద్దున పొద్దున్నే కట్ట మీద బైనాక్యులర్స్‌తో ఎవరో ఒకరు నిలబడి ఉండాలి.

ఖాజీపల్లి అడవిదీ ఇలాంటి కథే. 2020 సెప్టెంబరులో నటుడు ప్రభాస్ తన తండ్రి పేరు మీద అక్కడి 1,650 ఎకరాల బ్లాకును దత్తత తీసుకుని, 2 కోట్ల రూపాయలు ఇస్తానన్నారు. కొంత మేర పార్కు, మిగతాది రక్షిత అడవి అన్నది ఆలోచన. డబ్బు కావాలి, గేటు కావాలి, కంచె కావాలి. వాటితోపాటు వానకు కొట్టుకుపోయిన మూడు బారల దారిని మళ్లీ మళ్లీ పేర్చే మనుషులు కావాలి. ఆ ఖర్చు ఏ బడ్జెట్‌లోనూ ఏటా రాదు.

ఎండెక్కింది. గుండ్ల నీడలో కూర్చోండి. ఎవరో సద్దిరొట్టె, ఎల్లిపాయ కారం విప్పారు. రిటైరైన బీహెచ్ఈఎల్ పెద్దాయన సంచిలోంచి ఒక కాగితం మడతలు విప్పి రాతి మీద పరిచారు. అది ఊరి నక్షా నకలు. పాత సర్వేలో గీసిన గీతలు, ఉర్దూ అక్షరాలు. ఆయన వేలు ఒక జంట చుక్కల గీత వెంట నడిచింది. ఊరి నుంచి మొదలై, చెరువు కట్ట కింద నుంచి, ఇదే గుట్ట పక్కగా, ఇంకో ఊరికి. "ఇదే మనం ఇప్పుడు కూసున్న బాట. నక్షాల ఉన్నదంటే ఇది అందరిది. ఎవరూ గోడ పెట్టే హక్కు లేదు" అన్నారు. అడవి బయట ఈ బాట మీద రెండు చోట్ల ప్లాట్ల గోడలు లేచాయి. ఆయన తహసీల్ ఆఫీసుకు అర్జీలు పెట్టి, సర్వేయరును తీసుకొచ్చి కొలిపించే పనిలో ఉన్నారు. వయసు డెబ్బై దాటిన మనిషి ఎండలో గొలుసు వెంట నడుస్తున్నారు.

ఇంగ్లండులో గుర్రపు స్వారీ చేసేవాళ్లు ఇదే పని దేశమంతటా చేశారు. అక్కడ గుర్రం వెళ్లే హక్కున్న బాటలకు చట్టంలో ప్రత్యేక స్థానం ఉంది. 1949 నాటి చట్టం వాటిని అధికారిక పటంలో ఎక్కించమంది. ఎక్కని పాత బాటల మీద హక్కు 2026 జనవరి 1తో పోతుందని 2000లో ఇంకో చట్టం గడువు పెట్టింది. బ్రిటిష్ హార్స్ సొసైటీ కార్యకర్తలు జీనులు దించి పురాపత్ర భాండాగారాల్లో కూర్చున్నారు. వందేళ్ల నాటి పన్ను రికార్డులు, పటాలు తిరగేసి బాట తర్వాత బాట నమోదు చేయించారు. గడువు మొదట 2031కి జరిగింది, 2024 డిసెంబరులో ప్రభుత్వం ఆ గడువునే ఎత్తేస్తామంది. ఆ దేశంలో గుర్రపు బాట మీద పెట్టే గేటు ఐదడుగులకు తగ్గకూడదని కూడా చట్టమే చెబుతుంది. మన గుండ్ల మధ్య సందు కొలత ఫౌజీ అక్కణ్నుంచే తెచ్చాడు.

అమెరికాలో మోంటానా రాష్ట్రపు రౌతులు 1973లో బ్యాక్ కంట్రీ హార్స్‌మెన్ పేరుతో ఒక్కటయ్యారు. ప్రభుత్వ అడవుల్లో గుర్రాలకు దారి మూసేస్తారన్న భయంతో పోగైనవాళ్లు, దారి అడగాలంటే దారి బాగుచేయాలని నిర్ణయించుకున్నారు. 1964 చట్టం కాపాడే నిర్జనారణ్యాల్లో మోటారు రంపం వాడకూడదు. అందుకని కంచరగాడిదల మీద రంపాలు, పలుగులు, వంటసామాను మోసుకెళ్లి, కూలిన మానును ఇద్దరు అటూ ఇటూ పట్టి లాగే రంపంతో కోస్తారు. అటవీ శాఖతో తగువు పడాల్సినప్పుడు పడతారు, మర్నాడు అదే శాఖ దారిలో రాళ్లు మోస్తారు. మన గుంపు రేంజి ఆఫీసులో చేస్తున్నదీ ఇదే.

మన తెలుగు నేల మీద అడవిలో గుర్రం నిజంగా నడిచే చోటు మాత్రం ఇక్కడికి చాలా దూరం. అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల కొండగూడేల్లో గుర్రం ఇంకా ఇంటి మనిషే. సంతకు సరుకు దాని మీదే దిగుతుంది, బియ్యం దాని మీదే ఎక్కుతుంది. నేరేడుబంద పిల్లలు గుర్రాలెక్కి బడికి వెళ్లిన ఫొటోలు పత్రికల్లో మీరు చూసే ఉంటారు. ఆ గూడేలవాళ్లు గర్భిణులను డోలీ కట్టి మోసి మోసి విసిగి, తామే పలుగూ పారా పట్టి దారులు తవ్వుకున్నారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభ ఒప్పుకుంటే రోడ్డు వంటి పనికి ఒక హెక్టారులోపు అటవీ భూమి ఇవ్వొచ్చంది, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదంది. అయినా ఫైలు కదలడానికి వాళ్లు గుర్రాల మీద ఊరేగింపు తీయాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘అడవితల్లి బాట’ పేరుతో రోడ్ల పని మొదలుపెట్టింది. నూరేళ్ల కిందట అదే మన్యంలో నర్సీపట్నం–చింతపల్లి దారి పనిలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో వెట్టి చేయించాడు. 1922 తిరుగుబాటుకు అదొక కారణం. అడవిలో దారి వేయడం ఎవరి చేతుల మీదుగా, ఎవరి ఇష్టంతో జరుగుతుందన్నది ఈ నేల మీద చిన్న ప్రశ్న కాదు.

అక్కడ దారి ఆసుపత్రికి, బడికి. ఇక్కడ దారి కాపలాకు. రెండు చోట్లా నడిచేవాళ్లే అడగాలి, నడిచేవాళ్లే తవ్వాలి.

నడిచేవాళ్లు అడవి పక్షాన నిలబడిన చోటు దగ్గర్లోనే ఇంకొకటి ఉంది. పటాన్‌చెరు నుంచి గంట లోపు దూరంలో ఉన్న కంచ గచ్చిబౌలి. 2025 వసంతంలో 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగినప్పుడు మొదట కేక వేసింది హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు. వాళ్లు ఆ చెట్ల కింద నడిచినవాళ్లు. పుట్టగొడుగు రాయి ఎక్కడుందో, నెమళ్లు ఏ కుంట దగ్గర దిగుతాయో తెలిసినవాళ్లు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరుకుడు ఆపమంది. ఆ కాలిబాటలు లేకపోతే ఆ అడవి పక్షాన సాక్ష్యం చెప్పేవాళ్లు దొరికేవారు కారు.

సద్ది అయిపోయింది. చివరి పని ఒకటి మిగిలింది. రెండు గుండ్లలో ఒకటి వానకు కొద్దిగా ఒరిగింది. దాని కింద మట్టి తీసి, చిన్నరాళ్లు కొట్టి, గడ్డపారలు అడుగున పెట్టి అందరూ కలిసి నెట్టాలి. మీరు కూడా భుజం పెట్టండి. "ఒక్కసారి... ఐసా!" గుండు కదిలి తన గుంటలో కూర్చుంది. ఫౌజీ టేపు తీసి కొలిచాడు. ఐదడుగులు. బీట్ ఆఫీసరు రిజిస్టరులో సమయం వేసి, సంతకాలు తీసుకుంటున్నాడు.

ఈ గుంపు అటవీ శాఖను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. నగరం చుట్టూ పరిశ్రమలకు ఆనుకున్న ప్రతి బ్లాకులో నక్షాలో ఉన్న ఒక్క పాత బండ్లబాటనైనా నడకకు, సైకిలుకు, గుర్రానికి తెరవాలి. దాని మొగదల దగ్గర ట్యాంకరు పట్టని సందు మాత్రమే వదలాలి. పని చేస్తామని వచ్చినవాళ్ల పేర్లు రేంజి ఆఫీసులో నమోదు చేసి, వాళ్లకు నేర్పడానికి ఉపాధి హామీలో చేయి తిరిగిన ఊరివాళ్లను కూలి ఇచ్చి పెట్టుకోవాలి. అక్క చేతిలో ఉన్న విద్యకు కూలి దక్కాలి. గుర్రాలకు వానాకాలంలో దారి మూసేస్తే ఫౌజీ అభ్యంతరం చెప్పడు, ముందే చెప్పాడు.

మీరు పటాన్‌చెరు, రామచంద్రపురం, బొల్లారం, సంగారెడ్డి చుట్టుపక్కల ఉండేవాళ్లయితే ఈ వారమే మీ రేంజి ఆఫీసుకు వెళ్లండి. దారి పనికి మనుషులు కావాలా అని అడగండి, కాగితం రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. మీ ఊరి నక్షా నకలు తెప్పించి బండ్లబాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టండి. వేసవికి ముందు ఫైర్‌లైన్లు గీసే పని ఉంటుంది, అప్పటికి చేతులు చాలా కావాలి. వచ్చేటప్పుడు ఒక కొడవలి, చేతులకు గ్లౌజులు, రెండు లీటర్ల నీళ్లు తెచ్చుకోండి.